గది మూలయే బాకా: ఒక లౌడ్ స్పీకరు చరిత్ర

గోలకొండ కోటను చూడబోయిన ప్రతి విద్యార్థీ ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద నిలిచి ఒకసారి చేతులు చరుచును. ఆ చప్పుడు సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండమీది బాలా హిసారులో నిలిచిన వారికి వినబడును. చరిచిన చేతులలో విశేషమేమియు లేదు. విశేషమంతయు రాతిలో ఉన్నది. గుమ్మటము, గోడలు కలిసి శబ్దశక్తిని నలుదిక్కులకు చెదరిపోనీయక ఒక దారిన పంపుచున్నవి. కట్టడము కూడ ధ్వనియంత్రములో ఒక భాగము కాగలదని ఆ కోట కట్టిన మేస్త్రీలు మనకు చూపించినారు.

గోలకొండకు కొద్ది మైళ్ల దూరముననే పంజాగుట్ట, అమీర్‌పేటలు ఉన్నవి. ఈ పేటలలోని ఏ ఇంటిలోనైనను ప్రతి గదికి నాలుగు మూలలు ఉండును. రెండు గోడలు, నేల కలిసిన ఆ మూలను మనము చీపురు పెట్టుటకో, కూజా పెట్టుటకో వాడుకొందుము. అట్టి సామాన్యమైన మూలను లౌడ్ స్పీకరులో ఒక అవయవముగా చేసిన ఇంజనీర్లు కొందరు గత శతాబ్దములో ఉండిరి. వారు చేసిన యంత్రమునకు మూల బాకా అని పేరు పెట్టవచ్చును. అది ఎందుకు పుట్టినదో, ఎందుకు వెనుకబడినదో, నేడు ఎవరింటనైన ఒక పాత మూల బాకా ఉన్నచో దానిని ఎట్లు నిలుపవలెనో తెలిసికొనుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

బాకా చేయు పని

విసనకర్రతో విసరినప్పుడు చేతికి గాలి బరువు తెలియును. అదే వేగముతో ఒక పెన్సిలును ఊపినచో ఏ బరువూ తెలియదు. గాలి ప్రక్కలకు తప్పుకొని పోవును. లౌడ్ స్పీకరులోని కాగితపు శంకువు పాట్లు ఇట్టివే. అది ముందుకు వెనుకకు కంపించునప్పుడు, ముఖ్యముగా మంద్రస్వరములలో, ఎదుటి గాలి నెట్టబడుటకు బదులు ప్రక్కలకు జారిపోవును. అందువలన సాధారణమైన స్పీకరులో విద్యుచ్ఛక్తి నూటికి ఒక పాలు మాత్రమే ధ్వనిగా మారును. మిగిలినదంతయు వేడిగా పోవును.

శంకువు ముందు సన్నని గొంతుతో మొదలై క్రమముగా వెడల్పగు గొట్టమును అమర్చినచో స్థితి మారును. గొంతులోని గాలి తప్పించుకొనుటకు దారి లేదు. శంకువు నెట్టిన నెట్టుడంతయు దానిపై పడును. ఆ ఒత్తిడి గొట్టము వెంట పోవుచు, వైశాల్యము పెరిగిన కొలది తగ్గి, చివరకు గదిలోని గాలితో ఎదురుదెబ్బ లేకుండ కలిసిపోవును. ఒక బండను కదల్చుటకు మీటకర్ర ఎట్లు ఉపకరించునో, గాలిని కదల్చుటకు బాకా అట్లే ఉపకరించును. దేవాలయములలోని కొమ్ములు, నాదస్వరపు చివరనుండు అనసు, పాత గ్రామఫోను పైనుండు పువ్వువంటి గొట్టము అన్నియు ఈ సూత్రముపైననే పనిచేయును.

ఈ పనిని గణితములోనికి తెచ్చినవాడు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్థర్ గార్డన్ వెబ్‌స్టరు. బాకాలను గూర్చి ఆయన వ్రాసిన సమీకరణము 1919లో ప్రచురింపబడినది. 1924లో హన్నా, స్లెపియన్ అను ఇంజనీర్లు లౌడ్ స్పీకర్లకు ఎట్టి బాకా తగునో విచారించినారు. సమాన దూరములలో వైశాల్యము సమాన రెట్లు పెరుగుచు పోవు బాకా, అనగా చక్రవడ్డీ వలె పెరుగు బాకా, మిక్కిలి ప్రయోజనకరమైనదని స్థిరపడినది. మరుసటి సంవత్సరము, 1925లో, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అనువారు తీగచుట్టతో నడచు శంకువు స్పీకరును వర్ణించినారు. నేటి స్పీకర్లలో ఎక్కువ భాగము దాని సంతతియే.

ఇంటిలో పట్టని ఏనుగు

ఆ రోజులలో బాకా అవసరము ఎంతటిదో తెలియవలెనన్న వాల్వుల శక్తిని తలచుకొనవలెను. 1930 దశకములో పేరుపొందిన 2ఏ3 అను వాల్వు ఒంటిగా పనిచేసినచో సుమారు మూడున్నర వాట్ల శక్తినే ఇచ్చెడిది. హైదరాబాదు దక్కన్ రేడియో 1935లో ప్రసారములు ప్రారంభించిన నాటికి ఇండ్లలోని రేడియోలన్నియు ఇట్టి కొద్ది వాట్లతోనే నడచెడివి. మూడున్నర వాట్లలో నూటికి ఒక పాలు ధ్వనియైనచో మాటలకు చాలును. వాద్యబృందమంతయు ఎదుట ఉన్నట్లు తోచుటకు చాలదు. మంచి బాకాయైనచో నూటికి పది పాళ్లు మొదలు ముప్పది పాళ్ల వరకు ధ్వనిగా మార్చగలదు. అనగా వాల్వును మార్చకయే శక్తిని పదిరెట్లు, అంతకు మించి, పెంచినట్లగును.

సినిమా హాళ్లు ఈ లాభమును వెంటనే పొందినవి. తెర వెనుక కావలసినంత స్థలమున్నది గనుక పెద్ద పెద్ద బాకాలను నిలుపుటకు అడ్డు లేకపోయినది. అమీర్‌పేటలో 1950 దశకములో వెలసిన సారథి స్టూడియోలో తయారైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైనది. పూర్తిగా హైదరాబాదులోనే నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రమని దానికి పేరు. అట్టి చిత్రముల పాటలను హాలునంతటిని నింపునట్లు వినిపించు పని ఆనాడు తెర వెనుకనుండు బాకాలదే.

అయితే ఆ బాకా ఇంటిలో పట్టదు. ఎందుకు పట్టదో లెక్కకట్టి చూడవచ్చును. డబుల్ బేస్ అను పెద్ద తంత్రీవాద్యపు అట్టడుగు స్వరము సెకనుకు సుమారు 41 కంపనములు. లెక్కకు 40 అనుకొందము. గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోవును గనుక ఈ స్వరపు తరంగదైర్ఘ్యము సుమారు 8.6 మీటర్లు. బాకా నోటి చుట్టుకొలత ఇంచుమించు తరంగదైర్ఘ్యమంత ఉండవలెనని నియమము. కావున నోటి వ్యాసము 2.7 మీటర్లు, వైశాల్యము దాదాపు 6 చదరపు మీటర్లు కావలెను. అనగా ఒక గది గోడలో చాల భాగము. ఇంటివారు బయటను, బాకా లోపలను ఉండవలసి వచ్చును!

మూలలోని లాభము

ఇక్కడనే గది మూల అక్కరకు వచ్చినది. ఆరుబయట గాలిలో వ్రేలాడు స్పీకరునుండి మంద్రధ్వని అన్ని దిక్కులకు వ్యాపించును. దానిని నేలపై పెట్టినచో క్రిందిసగము మూసికొనిపోవును. వ్యాపించుటకు సగము ఆకాశమే మిగులును. గోడకు ఆనించినచో నాల్గవ వంతు, మూలలో పెట్టినచో ఎనిమిదవ వంతు మిగులును. ఒక పుచ్చకాయను నిలువుగను, అడ్డముగను, మరల నిలువుగను మూడు కోతలు కోసినచో ఎనిమిది ముక్కలగును గదా! మూలలోని ధ్వనికి అట్టి ఒక్క ముక్కయే దక్కును. వ్యాపించు చోటు ఎనిమిదవ వంతైనప్పుడు బాకా నోరు కూడ ఎనిమిదవ వంతు చాలును. 6 చదరపు మీటర్లకు బదులు సుమారు 0.73 చదరపు మీటర్లు. మిగిలిన పనిని రెండు గోడలు, నేల చేసిపెట్టును.

ఈ ఉపాయమును ఇండ్లకు తెచ్చినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఇంగ్లండుకు చెందిన పాల్ వాయిట్. 1901లో జన్మించిన ఈయన బాకాల వంపును గూర్చి 1920 దశకముననే స్వతంత్రముగా ఆలోచించి, ‘ట్రాక్ట్రిక్స్’ అను వక్రరేఖను అనుసరించు బాకాను రూపొందించినాడు. 1934లో ఇంటి మూలలో నిలుపుటకు తగిన బాకాను తయారుచేసి విక్రయించినాడు. 1950లో ఆయన కెనడాకు వలసపోయినాడు. ఆయన ఆలోచనలు మాత్రము ఇంగ్లండులోని ఇతర తయారీదారుల చేతులలో చాలకాలము నిలిచినవి.

హోప్ పట్టణపు ఇంజనీరు

మూల బాకాకు స్థిరమైన రూపమిచ్చినవాడు అమెరికా ఇంజనీరు పాల్ విల్బర్ క్లిప్ష్. ఆయన 1904లో ఇండియానా రాష్ట్రములో జన్మించినాడు. చదువు ముగిసిన తరువాత కొంతకాలము దక్షిణ అమెరికాలోని చిలీలో విద్యుత్ రైలు ఇంజనుల మరమ్మతు చూచినాడు. పిదప స్టాన్‌ఫర్డులో పైచదువు చదివి, టెక్సాసులో చమురు అన్వేషణలో పనిచేసినాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యోద్యోగిగా ఆర్కన్సా రాష్ట్రములోని హోప్ అను చిన్న పట్టణమునకు వచ్చినాడు. ‘హోప్’ అనగా ఆశ. ఆ పట్టణముననే ఆయన ఆశ ఫలించినది. చిన్న కొలతలు గల మంద్రస్వర బాకాను గూర్చిన ఆయన వ్యాసము 1941లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘపు పత్రికలో వెలువడినది. 1943లో పేటెంటు లభించినది. 1946లో హోపులో తన సంస్థను నెలకొల్పి, ‘క్లిప్ష్‌హార్న్’ అను పేరుతో స్పీకర్లను తయారుచేయసాగినాడు.

ఆయన ఎదుట ఉన్న చిక్కు ఇది. సెకనుకు 40 కంపనముల వరకు దిగవలెనన్న, బాకా వైశాల్యము ప్రతి 47 సెంటీమీటర్లకు రెట్టింపు కావలెను. అంతకంటె త్వరగా పెరుగరాదు. గొంతు 0.05 చదరపు మీటర్లు, నోరు 0.73 చదరపు మీటర్లు అనుకొన్నను గొట్టము పొడవు 1.8 మీటర్లకు పైగా, అనగా ఆరడుగులు, ఉండవలెను. ఆరడుగుల గొట్టము మూలనుండి గది నడిమికి పొడుచుకొని వచ్చును. దీనికి క్లిప్ష్ కనిపెట్టిన ఉపాయము చీరను మడత పెట్టినట్లు గొట్టమును మడచుట. పెట్టె నడుమ మూసిన అరలో పెద్ద శంకువు ఉండును. దాని ధ్వని సన్నని చీలికగుండ వెలువడి, పైకి క్రిందికి రెండు పాయలై, వెనుకకు తిరిగి, పెట్టె తోకవద్ద కుడి ఎడమలకు చీలి బయటపడును. అక్కడనుండి ముందుకు వచ్చు దారికి లోపలి గోడ పెట్టె ప్రక్కపలక. బయటి గోడ ఇంటి గోడయే!

ఈ చివరి మాటను శ్రద్ధగా గమనింపవలెను. బాకాలోని చివరి మడత, అనగా అన్నింటికంటె వెడల్పైన భాగము, తయారీశాలలో చేయబడలేదు. అది పెట్టెతో రాదు. దానిని ఇల్లు కట్టిన తాపీమేస్త్రి చేసియుంచినాడు. అందుచేతనే సుమారు నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు గల పెట్టెనుండి హాలులోని బాకాకు దీటైన మంద్రధ్వని వెలువడినది. ఒక్క వాటు విద్యుత్తుకు ఒక మీటరు దూరమున 100 డెసిబెల్లకు మించిన ధ్వని వచ్చును. ఇంగ్లండులో విటావాక్స్ సంస్థ క్లిప్ష్ అనుమతితో ఇట్టి స్పీకర్లను తయారుచేసినది. టానాయ్ సంస్థ 1953లో ‘ఆటోగ్రాఫ్’ అను మరియొక మూల స్పీకరును వెలువరించినది.

గోడకు, పెట్టెకు నడుమ

పల్లెటూళ్లలో కట్టెలపొయ్యి రాజేయుటకు ఊదుగొట్టము వాడెడివారు. ఆ గొట్టమునకు నడుమ చీలిక ఉన్నచో ఎంత ఊదినను నిప్పు రాజుకొనదు. గాలి చీలికగుండ పోవును. ఊదినవారి బుగ్గలు మాత్రము నొచ్చును. మూల బాకాలో పెట్టెకు, గోడకు నడుమ సందు ఉన్నచో జరుగునది ఇదియే. మంద్రస్వరములలో ఒత్తిడి నెమ్మదిగా మారును గనుక గాలికి సందులగుండ జారుకొనుటకు కావలసినంత వ్యవధి దొరకును. పై స్వరములు చక్కగా వినబడును. క్రింది స్వరములు మాయమగును. వినువారు “ఈ యంత్రము పాతబడినది, దీనిలో పస లేదు” అని తీర్పు చెప్పి పాత సామానుల కొట్టుకు పంపుదురు. నేరము యంత్రముది కాదు. శిక్ష మాత్రము దానికి పడును.

ముద్ర వేయవలసిన చోట్లు రెండు. మొదటిది బయటిది. పెట్టె తోక మూలలోనికి నిండుగా చొచ్చుకొని పోవలెను. మంద్రస్వరపు పెట్టె వెనుక అంచులు గోడకు అతుకుకొని ఉండవలెను. గోడ ఎన్నడును అద్దమువలె చదునుగా ఉండదు గనుక, అంచుల వెంట నొక్కినచో అణగు రబ్బరు పట్టీనో, స్పంజి పట్టీనో, దట్టమైన ఉన్నిగుడ్డనో అంటింపవలెను. సిమెంటుతో గాని, గట్టిపడు లప్పముతో గాని మూయరాదు. మరల తీయుటకు వీలులేని ముద్ర, ముద్ర లేకపోవుట కంటె పెద్ద దోషము.

రెండవది లోపలిది. శంకువు వెనుకనుండు అర గాలి చొరకుండ మూసియుండవలెను. ఆ అరలోని గాలి ఒక స్ప్రింగువలె పనిచేసి, గొంతులోని గాలి బరువును సరితూచును. ఈ సమతూకము కొరకే ఆ అర పరిమాణమును ఇంత అని నిర్ణయించిరి. అర్ధశతాబ్దము గడచిన పెట్టెలలో మూతక్రింది పట్టీ ఎండి పెళుసై ఉండును. మరలు వదులై ఉండును. జిగురు విడి పలకల నడుమ సన్నని వెలుగు కనబడును. మన ఎండకాలపు పొడి, వానకాలపు చెమ్మ మార్చి మార్చి కొయ్యను ముడుచుచు ఉబ్బించుచు ఉండును. దీనికి తోడు చెదలు ఉండనే ఉన్నవి.

కారు సందులను కనుగొనుటకు వెలగల పరికరములు అక్కరలేదు. సెకనుకు 50 కంపనముల స్వరమును తక్కువ బిగ్గరగా వినిపించుచు, అతుకుల వెంట వెలిగించిన అగరువత్తిని కాస్త దూరముగా నడిపించినచో, సందు ఉన్నచోట పొగ వణకును. గోడవద్ద పోస్టుకార్డు చొప్పించి చూచినను సరిపోవును. కార్డు దూరిన చోట గాలియు దూరును.

తాపీమేస్త్రి కొలత

మూల బాకా గోడపై ఇంతగా ఆధారపడినది గనుక ఆ గోడ ఎట్టిదను ప్రశ్న వచ్చును. అమెరికాలో చాల ఇండ్ల లోపలిగోడలు కొయ్యచట్రముపై బిగించిన సన్నని జిప్సం పలకలు. మంద్రధ్వని తగిలినప్పుడు అవి తామును కదలి కొంత శక్తిని మ్రింగివేయును. ఇటుకతో కట్టి సిమెంటు పూసిన మన గోడలు, పాత ఇండ్లలోని రాతిగోడలు అట్లు కదలవు. ఈ విషయములో పంజాగుట్టలోని సామాన్యమైన ఇల్లు యంత్రము పుట్టిన దేశపు ఇంటికంటె మేలైనది.

లోపములు వేరొక చోట ఉన్నవి. మూలనుండి ఇరువైపుల కనీసము నాలుగడుగుల వరకు ఎడతెగని గోడ కావలెను. మన ఇండ్లలో ద్వారబంధములను మూలకు చేరువగా నిలుపుట వాడుక. తలుపు తెరచినచో బాకా ప్రక్కగోడ ఊడిపోయినట్లే. నేలనంటి గోడవెంట పోవు రాతిపట్టీ వలన పెట్టె అర అంగుళమో, ముప్పాతిక అంగుళమో ఎడముగా నిలుచును. ఆ మేరకు పట్టీని మందముగా వేయవలెను.

మూల లంబకోణమా కాదా అనునది ఇంకొక ప్రశ్న. దీనికి తాపీమేస్త్రీల పాత కొలతయే చాలును. మూలనుండి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవ గోడ వెంట 4 అడుగులు గుర్తించి, గుర్తుల నడుమ దూరము కొలువవలెను. సరిగా 5 అడుగులైనచో మూల లంబకోణము. 5 అడుగుల 1 అంగుళము వచ్చినదనుకొందము. లెక్క వేసినచో మూల 92 డిగ్రీలని తేలును. రెండు డిగ్రీలే గదా అనిపించును. కాని పెట్టెను ఒక గోడకు ఆనించినచో, రెండవ గోడవైపు 30 అంగుళముల అంచు చివర ఒక అంగుళము సందు మిగులును. త్రికోణాకారముగల ఆ సందు వైశాల్యము 15 చదరపు అంగుళములు. పైన చెప్పిన 0.05 చదరపు మీటర్ల గొంతు 78 చదరపు అంగుళములకు సమానము. అనగా గొంతులో దాదాపు ఐదవ వంతు కంత! పైథాగరసు సిద్ధాంతము పరీక్ష కొరకే అని తలచు విద్యార్థికి ఈ లెక్కను చూపవచ్చును.

ఒక్క మూల చాలని కాలము

ఇంత చక్కని యంత్రము వెనుకబడుటకు కారణములు దానిలో లేవు. దాని చుట్టు మారిన లోకములో ఉన్నవి. 1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. పిదప శక్తి చవుకయైనది. మూడున్నర వాట్లను పొదుపుగా వాడవలసిన అగత్యము తీరినది. 1954లో ఎడ్గర్ విల్‌చర్, హెన్రీ క్లాస్ అనువారు అమెరికాలో చిన్న మూసిన పెట్టెగల స్పీకరును వెలువరించినారు. అది శక్తిని విరివిగా తినును, కాని పుస్తకముల బీరువాలో ఇముడును. 1958 నాటికి రెండు దారుల ధ్వని, అనగా స్టీరియో, గ్రామఫోను రికార్డులలోనికి వచ్చినది. దానితో ఒకే గోడకు రెండు చివరల రెండు మంచి మూలలు కావలసి వచ్చినవి. ఒక్క మంచి మూలయే దుర్లభమైన ఇండ్లలో రెండవది ఎక్కడ? మూలలు మరీ ఎడమైనప్పుడు నడుమ ఏర్పడు వెలితిని పూరించుటకు క్లిప్ష్ 1957లో ‘హెరెసీ’ అను మూడవ స్పీకరును చేసినాడు.

క్లిప్ష్ 2002లో, 98వ ఏట మరణించినాడు. క్లిప్ష్‌హార్న్ తయారీ మాత్రము ఆగలేదు. 2019లో వెలువడిన రూపములో సంస్థవారు పెట్టె వెనుకభాగమును పూర్తిగా మూసివేసినారు. బాకా చివరి మడతకు ఇక ఇంటి గోడ అక్కరలేదు. మేస్త్రితో డెబ్బది యేండ్లకు పైగా నడచిన పొత్తు అట్లు ముగిసినది. అయినను అంతకు ముందు తయారైన ప్రతి పెట్టె నేటికిని ఒక మంచి గోడ కొరకు ఎదురుచూచుచునే ఉన్నది.

చేసి చూడదగినది

ఈ సూత్రమును పరీక్షించుటకు మూల బాకా లేకున్నను కొదవలేదు. ఒక చిన్న స్పీకరును సెల్‌ఫోనుకు కలిపి, సెకనుకు 100 కంపనముల స్వరమును వినిపింపుడు. మొదట గది నడుమ ఒక ఎత్తుపీటపై, తరువాత గోడ ప్రక్కన, ఆ పిమ్మట మూలలో నేలపై ఉంచి, బిగ్గరలో మార్పును గమనింపుడు. గది తన సొంత స్వరములతో జోక్యము చేసికొనును గనుక వినువారు ఒక్కచోటనే నిలువక నాలుగైదు చోట్ల నిలిచి వినవలెను.

పాత మూల బాకా ఎవరింటనైన కనబడినచో దానిని విప్పుటకు ముందు గోడను చూడవలెను, అతుకులను చూడవలెను, పట్టీలు మార్చవలెను. దానితో కూడిన వాల్వు యంత్రమును మాత్రము విద్యార్థులు తెరువరాదు. మీట కట్టిన తరువాత కూడ దాని కెపాసిటర్లలో కొన్ని వందల వోల్టులు నిలిచియుండవచ్చును. ఆ పని తెలిసినవారికి వదలవలెను.

అర అంగుళము స్పంజి పట్టీతో బ్రతుకవలసిన యంత్రము పట్టీ లేక తుక్కులోనికి పోవుట ఒక నష్టము. కారణమును వెదకక తీర్పు చెప్పు అలవాటు అంతకంటె పెద్ద నష్టము. గోలకొండలో చేతులు చరిచిన విద్యార్థి తల ఎత్తి గుమ్మటమును చూచును. ఇంటిలో పాట మందగించినప్పుడును అట్లే ఒకసారి తల త్రిప్పి గది మూలను చూడవలెను.